'సెవెన్ ఫింగర్స్' లారీ.. ద్రాక్ష తోటల సమ్మెను మొదలుపెట్టింది ఈయనే!

అమెరికాలో ద్రాక్ష తోటల సమ్మె అనగానే గుర్తొచ్చే పేరు సీజర్ చావెజ్. కానీ ఆ సమ్మెకు మొదట దిగింది ఫిలిపినో కూలీలు. వాళ్లను నడిపించింది లారీ ఇట్లియాంగ్.

1913లో ఫిలిప్పీన్స్‌లోని పంగసినాన్‌లో పుట్టిన లారీ, 15 ఏళ్లకే అమెరికా చేరారు. లాయర్ కావాలన్నది కల. దొరికింది కూలి పని. వచ్చిన మరుసటి ఏడాదే, 1930లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని మన్రోలో లెట్యూస్ కూలీల సమ్మెలో చేరిపోయారు. తర్వాత అలాస్కాలోని చేపల ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదంలో మూడు వేళ్లు పోయాయి. అలా 'సెవెన్ ఫింగర్స్' అన్న పేరు పడింది.

ఆయనతోపాటు వలస వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. తెల్లజాతి మహిళలను పెళ్లి చేసుకోవడానికి కాలిఫోర్నియా చట్టం 1948 వరకు ఒప్పుకోలేదు. దాంతో చాలామంది కూలీల క్యాంపుల్లోనే ఒంటరిగా ముసలివాళ్లయ్యారు. వీళ్లను 'మనోంగ్' అని పిలిచేవారు. మన 'అన్న' లాంటి మాట అది.

1956లో స్టాక్టన్‌లో లారీ ఫిలిపినో కూలీలకు ప్రత్యేకంగా యూనియన్ పెట్టారు. 1965 మే నెలలో కోచెల్లా లోయలో సమ్మె చేసి గంటకు 1.40 డాలర్ల కూలి సాధించారు. అదే రేటు డెలానోలో అడిగితే యజమానులు కుదరదన్నారు. సెప్టెంబర్ 8న వెయ్యి మందికి పైగా ఫిలిపినోలు పని ఆపేశారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫిలిపినోలు సమ్మె చేస్తే మెక్సికన్లను, మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలను పనిలోకి దించడం యజమానులకు అలవాటు. లారీకి ఈ ఆట బాగా తెలుసు. అందుకే నేరుగా చావెజ్ దగ్గరికి వెళ్లారు. చావెజ్ సంఘం అప్పటికి అంత పెద్ద సమ్మెకు సిద్ధంగా లేదు. అయినా సెప్టెంబర్ 16న ఓటింగ్ పెట్టుకుని సమ్మెలోకి వచ్చేసింది.

1966లో రెండు సంఘాలూ ఒక్కటయ్యాయి. చావెజ్ డైరెక్టర్, లారీ అసిస్టెంట్ డైరెక్టర్. సమ్మె మొదలుపెట్టిన మనిషికి దక్కింది రెండో కుర్చీ! ఐదేళ్ల పోరాటం, ద్రాక్ష బాయ్‌కాట్ తర్వాత 1970లో డెలానో యజమానులు దిగొచ్చి ఒప్పందాలపై సంతకాలు చేశారు.

గెలిచిన మరుసటి ఏడాదే లారీ రాజీనామా చేశారు. యూనియన్‌లో ఫిలిపినోల మాట చెల్లడం లేదన్నది ఆయన బాధ. ముసలి మనోంగ్‌ల కోసం డెలానోలో కట్టిన అగ్బయాని విలేజ్ వెనుక మాత్రం ఆయన కృషి ఉంది. 1977లో, 63 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

2015 నుంచి ఆయన పుట్టినరోజు అక్టోబర్ 25ను కాలిఫోర్నియాలో లారీ ఇట్లియాంగ్ డేగా జరుపుతున్నారు.