ఊళ్లకు రేపటి రూపు గీసిన దివాన్ మీర్జా ఇస్మాయిల్

అజ్మీర్ జియారత్‌కు వెళ్లే మనవాళ్లలో చాలామంది, పోయేటప్పుడో తిరిగి వచ్చేటప్పుడో జైపూర్‌లో ఒక రోజు ఆగుతారు. హవా మహల్ చూస్తారు, రజాయిలు కొంటారు, లక్క గాజుల దగ్గర బేరమాడతారు. పాత ఊరి గోడకు వెలుపల అజ్మేరీ గేటు, సంగనేరీ గేటుల మీదుగా సాగే వెడల్పాటి రోడ్డు మీద కూడా నడుస్తారు. ఆటో వాళ్ల నుంచి దుకాణాల బోర్డుల దాకా అందరూ దాన్ని ఎం.ఐ. రోడ్డు అంటారు. ఆ రెండక్షరాల్లో దాగిన పేరు మీర్జా ఇస్మాయిల్ అని మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఎక్కడి బెంగళూరు, ఎక్కడి జైపూర్! ఆ మనిషి మన హైదరాబాదుకూ వచ్చారు, పది నెలలు కూడా నిలవకుండానే వెళ్లిపోయారు. ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

మీర్జా ఇస్మాయిల్ 1883 అక్టోబర్ 24న బెంగళూరులో పుట్టారు. ఆయన తాత అలీ అస్కర్ షిరాజీ గుర్రాల వ్యాపారి. 1824లో ఇరాన్‌లోని షిరాజ్ నుంచి గుర్రాలతో బెంగళూరు చేరి అక్కడే స్థిరపడ్డారు. వ్యాపారంలో వచ్చిన సొమ్ముతో కంటోన్మెంటులో వరుసగా బంగళాలు కట్టించారు. ఆయన పేరిట అక్కడ ఇప్పటికీ ఒక రోడ్డు ఉంది. తండ్రి ఆగా జాన్ మైసూరు ప్యాలెస్ కొలువులో చేరారు. దాంతో కుర్రవాడైన మీర్జాకు ఎవరికోగానీ దొరకని అవకాశం దొరికింది. తనకంటే ఏడాది చిన్నవాడైన యువరాజు కృష్ణరాజ ఒడయార్‌తో కలిసి ఒకే బడిలో చదువుకున్నారు. ఇద్దరూ కలిసి చదివారు, కలిసి ఆడారు, కలిసి గుర్రపు స్వారీ నేర్చుకున్నారు. నిష్ఠగల హిందూ మహారాజుకూ, ఇరానీ వంశపు ముస్లిం యువకుడికీ మధ్య చిన్ననాట కుదిరిన ఆ నమ్మకం చివరిదాకా చెడలేదు.

సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తిచేసి పోలీసు శాఖలో చేరిన మీర్జాను మహారాజు తన కార్యాలయానికి పిలిపించుకున్నారు. అక్కడ మెట్టు మెట్టుగా ఎదిగి ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. 1926 మేలో మైసూరు దివాన్ పదవి చేపట్టారు. అప్పటికి ఆయన వయసు 42 ఏళ్లు. పదిహేనేళ్లు ఆ పదవిలో ఉన్నారు.

మైసూరు రాజ్యానికి ఊళ్లు పెంచే పని కొత్తది కాదు. 1898లో బెంగళూరును ప్లేగు పట్టి పీడించిన తర్వాత ఇరుకు పేటల నుంచి జనాన్ని బయటకు తేవడానికి బసవనగుడి, మల్లేశ్వరం పేటలను వరుస వీధులతో వేశారు. మీర్జా చేసింది ఆ పనికి కంటికి ఇంపైన రూపు ఇవ్వడం. నాలుగు రోడ్లు కలిసే చోట ఒక సర్కిల్, ఎండలో నడిచేవాడికి చెట్ల నీడ, సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి ఒక పార్కు, రాత్రికి వీధి దీపం. ఇవి డబ్బున్న వాళ్ల విలాసాలు కావని, ఊరన్నాక ఉండి తీరవలసినవని ఆయన పట్టుబట్టారు. తెల్లవారుజామున గుర్రమెక్కి బెంగళూరు వీధులన్నీ తిరిగి చూసేవారని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కృష్ణరాజసాగర్ ఆనకట్ట కింద మనమంతా చూసి మురిసే బృందావన్ తోట కూడా ఆయన ఆలోచనే. కాశ్మీర్‌లోని మొగల్ తోటలు ఆయన మనసులో ఉన్నాయి. లాల్‌బాగ్ తోటలను తీర్చిదిద్దిన జర్మన్ నిపుణుడు క్రుంబీగెల్ చేత ఆ పని చేయించారు.

తోటలకూ దీపాలకూ ఖజానా ఖర్చు పెడుతున్నారని విమర్శించిన వాళ్లు అప్పుడే ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ చేత్తోనే ఆయన మాండ్యలో చక్కెర ఫ్యాక్టరీ, భద్రావతిలో కాగితం మిల్లు, బెంగళూరులో పింగాణీ ఫ్యాక్టరీ వచ్చేలా చేశారు. పల్లెలకు కరెంటు తీగలు వేయించారు. బతుకుతెరువు చూపకుండా పార్కులు మాత్రమే ఇస్తే ఊరు నిలవదని ఆయనకు తెలుసు.

ఆయన పాలనలో చెప్పుకోవడానికి ఇష్టం లేని ఘట్టాలూ ఉన్నాయి. 1928లో బెంగళూరులో ఒక బడి ఆవరణలోని గణపతి విగ్రహం విషయమై అల్లర్లు జరిగాయి. దివాన్ ముస్లిం కాబట్టి నింద ఆయన మీదికే వచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. అంతకంటే బాధాకరమైనది విదురాశ్వత్థం. మన హిందూపురానికి దగ్గరలో ఉన్న ఆ క్షేత్రంలో 1938 ఏప్రిల్ 25న జాతీయ జెండా కోసం గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత సర్దార్ పటేల్‌తో చర్చలు జరిపి మీర్జా రాజీకి వచ్చారు, జెండాకు అనుమతి దొరికింది. కానీ ఆ రక్తపు మరకకు దివాన్‌గా ఆయన బాధ్యత లేదని మనం అనలేం.

హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన యూదు వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బెర్గర్‌కు 1939లో మైసూరు ప్రభుత్వంలో కొలువు దొరికింది కూడా మీర్జా హయాంలోనే. ఆ పరదేశి తర్వాత 1948లో భువనేశ్వర్‌కు ప్లాను గీశారు. ప్రతి పేటకూ నడిచి వెళ్లేంత దూరంలో బడి, అంగడి, దవాఖానా ఉండాలన్నది ఆ ప్లానులోని మూలసూత్రం.

1940లో కృష్ణరాజ ఒడయార్ కన్నుమూశారు. మరుసటి ఏడాది మీర్జా పదవి వదిలేశారు. 1942లో జైపూర్ మహారాజు మాన్‌సింగ్ ఆయన్ని ప్రధానిగా పిలిచారు.

జైపూర్ అప్పటికి చిన్న నగరం. 1941 జనాభా లెక్కల్లో సుమారు 1 లక్షా 76 వేల మంది. 1727లో సవాయి జైసింగ్ నిలువు వీధులు, అడ్డు వీధులతో గళ్లుగా తీర్చి కట్టించిన ఊరది. రెండు వందల ఏళ్లు గడిచేసరికి ఆ అందం మీద దుకాణాల చప్పరాలు, అరుగులు కప్పుకుపోయాయి. గోడ లోపల ఊపిరాడని ఇరుకు, గోడ బయట ఖాళీ నేల. మీర్జా రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టారు. లోపల బజారుల్లో ఆక్రమణలు తీయించి, దుకాణాల ముందు ఒకే వరుసలో స్తంభాల వసారాలు కట్టించారు. దుకాణదారులు గొణిగారు, ఆయన తగ్గలేదు. జైసింగ్ వేసిన వీధుల జోలికి మాత్రం పోలేదు. అందుకే ఆయనంటే మనకు గౌరవం. పాతదాన్ని కూలగొట్టి కొత్తది కట్టడం ఎవరైనా చేస్తారు.

ఊరు పెరగడానికి గోడ బయట దక్షిణం వైపు నేల చూశారు. ముందు రోడ్డు, ఆ తర్వాత ప్లాట్లు, ఆ తర్వాతే ఇళ్లు అన్న క్రమం పెట్టారు. ఒక్కో పేటకు ఒక్కో ఇంగ్లీషు అక్షరం పేరుగా పెట్టి ఎ నుంచి ఇ దాకా అయిదు స్కీములు వేశారు. వాటిలో సి-స్కీము పేరు ఈనాటికీ వాడుకలో ఉంది. అవి పెద్ద పెద్ద ప్లాట్లు, ఉన్నవాళ్ల బంగళాలకే సరిపోయాయి. చేతిపనుల వాళ్లు, కూలీలు పాత ఊరిలోనే ఉండిపోయారు. ఇది ఆ ప్లానులో లోపమే.

అయినా ముందుచూపు అక్కరకు వచ్చింది. 1947లో దేశం చీలి సింధు, పంజాబుల నుంచి శరణార్థులు తరలివచ్చారు. 1949లో జైపూర్ రాజస్థాన్ రాజధాని అయింది. 1951 నాటికి జనాభా 2 లక్షల 91 వేలకు చేరింది. పదేళ్లలో అంత బరువు మీద పడినా ఊరికి పెరిగే దారి అప్పటికే గీసి ఉంది.

ఇక మన హైదరాబాద్. 1946 ఆగస్టులో నిజాం ఆయన్ని సదర్-ఎ-ఆజంగా రప్పించారు. 1908 మూసీ వరద తర్వాత 1912లో పుట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇక్కడ అప్పటికే రోడ్లు, ఇళ్లు కట్టి ఉంది. మీర్జా వంటి వాడికి చేతినిండా పని ఉండవలసిన ఊరు. కానీ అవి ఊళ్లు కట్టే రోజులు కావు. ఢిల్లీతో సామరస్యంగా పోవాలన్న ఆయన ధోరణి ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకులకు గిట్టలేదు. మైసూరులో ముస్లిం అని వేలెత్తి చూపించుకున్న మనిషి, ఇక్కడ ముస్లింల పక్షం వహించడం లేదన్న నింద మోశారు. 1947 మేలో రాజీనామా చేసి వెళ్లిపోయారు. దేశ విభజనను ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. ఆయన మాట విని ఉంటే 1948 సెప్టెంబర్‌లో మన తాతలు చూసినవన్నీ చూడవలసి వచ్చేదా అన్న ప్రశ్న మనల్ని ఇప్పటికీ వదలదు.

తర్వాత కొంతకాలం ఐక్యరాజ్యసమితి తరఫున ఇండోనేషియాలో పనిచేశారు. 1954లో తన ప్రజాజీవితం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. 1959 జనవరి 5న, పుట్టిన బెంగళూరులోనే కన్నుమూశారు.

జైపూర్ పాత ఊరిని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. మీర్జా కట్టించిన వసారాలు ఆ బజారుల్లో ఇంకా ఉన్నాయి. నడుమ దుకాణాల సరుకంతా వాటిలోకి పొంగిపొర్లితే 2000 ప్రాంతంలో అధికారులు మళ్లీ ఖాళీ చేయించవలసి వచ్చింది. ఈసారి అజ్మీర్ ప్రయాణంలో జైపూర్‌లో దిగితే, మిట్టమధ్యాహ్నం వేళ ఆ స్తంభాల వెంబడి ఎండ తగలకుండా ఎంత దూరం నడవగలమో చూసి రండి.