హెన్రీ మాడ్‌స్లే

హెన్రీ మాడ్‌స్లే (ఆగష్టు 22, 1771 - ఫిబ్రవరి 14, 1831) ఇంగ్లాండుకు చెందిన యంత్ర నిర్మాత. లోహంపై మరలు కోసే లేత్ యంత్రాన్ని కర్మాగారంలో నిత్యం వాడదగిన స్థాయికి తెచ్చినవాడుగా ప్రసిద్ధుడు. నేటి సి.ఎన్.సి. లేత్‌లో కోత ఉలిని కంప్యూటరు నడిపిస్తుంది. ఉలిని మనిషి చేతి నుండి తప్పించి, కొలత ప్రకారం యంత్రమే నడిపే పద్ధతి ఇతని కర్మశాలలో స్థిరపడింది.

బాల్యం

మాడ్‌స్లే లండన్ సమీపంలోని వూలిచ్‌లో జన్మించాడు. తండ్రి సైన్యంలో పనిచేసి, గాయపడిన తరువాత అక్కడి ఆయుధాగారంలో సామానుల గిడ్డంగి చూసేవాడు. 1780లో ఆయన మరణించాడు. బాలుడు పన్నెండవ ఏట అదే ఆయుధాగారంలో తూటాలలో మందు కూరే పనికి కుదిరాడు. తరువాత వడ్రంగం పనిలో పెట్టారు గాని అతని మనసంతా కొలిమి మీదనే ఉండేది. పదిహేనవ ఏట కమ్మరి పనికి మారాడు.

బ్రామా వద్ద

జోసెఫ్ బ్రామా 1784లో ఒక కొత్త తాళానికి పేటెంటు పొందాడు. దానిలోని సన్నని భాగాలను చేతితో చేయడం కష్టమై, 1789లో మాడ్‌స్లేను చేర్చుకున్నాడు. మాడ్‌స్లే చేసిన ఒక తాళాన్ని, తెరిచినవారికి 200 గినీలు బహుమతి అని ప్రకటించి దుకాణం కిటికీలో ఉంచారు. అది 1851లో గాని తెరుచుకోలేదు. అప్పుడు కూడా హాబ్స్ అనే అమెరికన్‌కు యాభై గంటలకు పైగా పట్టింది.

బ్రామా నీటి ప్రెస్సులో దండం చుట్టూ నీరు కారిపోయేది. బిగువుగా కడితే దండం వెనుకకు వచ్చేది కాదు. లోపలి నీటి ఒత్తిడికి తానే బిగిసి, ఒత్తిడి తగ్గగానే వదులయ్యే తోలు గిన్నెను అమర్చి ఈ చిక్కును తీర్చిన ఘనత మాడ్‌స్లేదే అంటారు. ఇంత చేసినా జీతం వారానికి 30 షిల్లింగులే. కుటుంబం పెరిగినందున 1797లో జీతం పెంచమని అడిగి, నిరాకరించగా బయటికి వచ్చి స్వంత కర్మశాల పెట్టుకున్నాడు.

లేత్ యంత్రం

అంతకు ముందు పనివాడు ఉలిని చేతితో పట్టుకొని లోహాన్ని చెక్కేవాడు. ఒక బోల్టుకు చేసిన నట్టు మరొక బోల్టుకు పట్టేది కాదు. మాడ్‌స్లే ఉలిని జారుడు పీఠంపై బిగించి, ఆ పీఠాన్ని లీడ్ స్క్రూతో నడిపించాడు. మధ్యలోని పళ్ళ చక్రాలను మార్చితే అదే లీడ్ స్క్రూతో వేర్వేరు ఎడం గల మరలు కోయవచ్చు. ఈ భాగాలలో ఏదీ పూర్తిగా ఇతని కల్పన కాదు. జెస్సీ రామ్స్‌డెన్ వంటివారు ముందే ఇటువంటి యంత్రాలు చేశారు. కనుక లేత్‌ను మాడ్‌స్లే కనిపెట్టాడనడం సరికాదు.

అసలు కష్టం వేరొకచోట ఉంది. లీడ్ స్క్రూలోని దోషం ఆ యంత్రంపై కోసిన ప్రతి స్క్రూలోకీ దిగుతుంది. మరి తొలి స్క్రూ ఎక్కడి నుండి రావాలి? మాడ్‌స్లే మెత్తని కర్ర, తగరం కడ్డీలపై ఏటవాలుగా కత్తిని ఆనించి తొలి మరలను గీయించాడు. వాటి నుండి క్రమంగా మరింత కచ్చితమైన స్క్రూలను సాధించాడు. ఇతడు చేసిన ఒక స్క్రూ పొడవు 5 అడుగులు, అంగుళానికి 50 మరలు. దాని నట్టులోనే 600 మరలు ఉండేవి. నేటి సి.ఎన్.సి. యంత్రంలో స్క్రూ దోషాన్ని కొలిచి పట్టికగా నమోదు చేస్తే సాఫ్ట్‌వేరు సవరించుకుంటుంది. మాడ్‌స్లే దానిని లోహంలోనే నిర్మూలించవలసి వచ్చింది.

కొలతలలో వివాదం వస్తే తేల్చడానికి అంగుళంలో పదివేలవ వంతును చూపే మైక్రోమీటరును చేసుకున్నాడు. దాని తీర్పుపై అప్పీలు లేదు గనుక దానిని దేశపు అత్యున్నత న్యాయాధికారి పేరిట లార్డ్ ఛాన్సలర్ అని పిలిచేవారు.

పోర్ట్స్‌మత్ యంత్రాలు

తెరచాప ఓడలకు కొయ్య కప్పీలు వేలకొలది కావలసి వచ్చేవి. మార్క్ బ్రునెల్ రూపకల్పన చేసిన కప్పీల యంత్రాలను పోర్ట్స్‌మత్ నౌకాశాల కొరకు మాడ్‌స్లే నిర్మించాడు. 1808లో వాటిపై 1,30,000 కప్పీలు తయారయ్యాయి. నూటపది మంది నిపుణులు చేసే పనిని నైపుణ్యం లేని పదిమంది చేయగలిగారు. మిగిలిన నిపుణుల బ్రతుకు ఏమైనదన్న ప్రశ్న కూడా ఈ లెక్కలోనే ఉంది.

చివరి దశ

1810లో కర్మశాలను లాంబెత్‌కు మార్చాడు. జాషువా ఫీల్డ్, స్వంత కుమారులు భాగస్వాములైన ఆ సంస్థ ఓడల ఆవిరి ఇంజన్లకు పేరుపొందింది. రిచర్డ్ రాబర్ట్స్, జేమ్స్ నాస్మిత్, జోసెఫ్ విట్‌వర్త్ ఇక్కడ పనిచేసినవారే. మాడ్‌స్లే తన కర్మశాల వరకే మరలకు ఒక ప్రమాణం పెట్టుకోగా, విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ పనికివచ్చే ప్రమాణాన్ని ప్రతిపాదించాడు.

1831 ఆరంభంలో ఫ్రాన్సులో మిత్రుని చూసి తిరిగి వస్తూ జలుబు చేసి మంచం పట్టాడు. కొద్ది వారాలకే మరణించాడు. వూలిచ్‌లోని చర్చి ఆవరణలో, తాను ముందే గీసిపెట్టిన నమూనా ప్రకారం పోతపోసిన ఇనుప సమాధిలో ఇతనిని ఖననం చేశారు.