బిషప్ అజరయ్య గారి దీనమనస్సు



యోహాను సువార్త 13వ అధ్యాయములో ప్రభువు తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన సంగతి మనమందరము ఎరిగినదే. ఆ గదిలో అందరికంటె పెద్దవాడు ఆయనే. ఆ పని చేసినదియు ఆయనే. ఈ భాగమును ధ్యానించుచుండగా దోర్నకల్ బిషప్ అజరయ్య గారు మాకు జ్ఞాపకమునకు వచ్చిరి. మన నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతముల సంఘములు ఒకప్పుడు ఆయన అధ్యక్షత క్రింద నుండినవే.

ఆయన తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి సీమలో ఒక పల్లెటూరి పాదిరి గారి యింట పుట్టిరి. వై.ఎం.సి.ఏ. పనిలో దేశమంతట పేరుపొంది, 1909లో దానిని విడిచి, నైజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చి, పరభాషయైన తెలుగులో సేవ చేసిరి.

దీనమనస్సు అనగా పెద్దల యెదుట నోరు మూసుకొనుట అని కొందరు తలంతురు. మాకట్లు తోచదు. 1910లో ఎడింబరో పట్టణమున జరిగిన లోక మిషనెరీ మహాసభలో ఈయన లేచి, మిషనెరీలు ఈ దేశస్థులకు ఎన్నో ఇచ్చిరి గాని స్నేహము ఇంకను ఇయ్యవలసియున్నదని వారి ముఖముననే చెప్పిరి. విన్నవారిలో పలువురు నొచ్చుకొనిరి.

అట్టివారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిరి. అయి, ఎక్కడికి వెళ్లిరి? మాలపల్లెకు, మాదిగపల్లెకు. ఎద్దులబండి మీదను సైకిలు మీదను ఊరూర తిరిగిరి. బాప్తిస్మము పొందినవారి చేతిని వారి తలమీదనే పెట్టించి, సువార్త చెప్పు భారము తమదేనని వారి నోటనే పలికించెడివారు. చదువురాని కూలివాడైనను సరే.

ఇంతకంటె కష్టమైన పని వేరొకటి యుండెను. క్రీస్తునందు చేరిన మాలలును మాదిగలును ఒకరి సరసను ఒకరు కూర్చుండుటకు ఒప్పుకొనలేదు. ఒకే ఆరాధన, ఒకే ప్రభువు బల్ల అని ఆయన పట్టుపట్టిరి. తమకంటె పైవారు తమను త్రోసివేసిరని ఏడ్చినవారే తమ క్రిందివారిని త్రోసివేయుట ఆయనకు సహింపరాకపోయెను. ఆ పోరాటము ఆయన జీవితకాలములో ముగియలేదు. మన కర్నూలు, కడప జిల్లాలలో బావి ఎండినపుడు రెండు పల్లెలకును ఒకటే దప్పిక. అయినను ఆదివారమున కొన్ని చోట్ల వేరు వేరు చాపలు పరచుట మేమెరుగుదుము.

1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆయన అధ్యక్షఖండములో క్రైస్తవులు రెండు లక్షలు దాటియుండిరి. వారిలో బహుమంది ఆ రెండు పల్లెలవారే.