సూరి భగవంతం

కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909వ సంవత్సరంలో సూరి భగవంతం జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తా వెళ్ళి సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధన చేశారు. వాల్తేరులో ఆచార్యులుగా పేరుపొందారు. 1952లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. నేటి కోర్పనా ప్రాంతం కూడా అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలోనిదే.

1961లో ఆయన రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. కాంతిని, స్ఫటికాలను పరిశీలించిన పండితునికి ఇది కొత్త బాధ్యత. మన యుద్ధవిమానాలలో చాలావరకు ఆనాడు విదేశాలలో రూపొందినవే. బెంగుళూరులో తయారైన మారుత్ విమానం ఆ ఏడాదే ఆకాశానికి ఎగిరింది. కాని దాని ఇంజను బ్రిటిషువారి నమూనా. అంతకంటె శక్తిగల ఇంజను దొరకలేదు. విమానం అనుకున్న వేగాన్ని అందుకోలేదు.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. ఆయుధాలకై పరులపై ఆధారపడటం ఎంత ప్రమాదమో దేశానికి తెలిసివచ్చింది. క్షిపణుల ప్రయోగశాల ఢిల్లీ నుండి హైదరాబాదుకు తరలివచ్చింది కూడా ఆ ఏడాదే. ట్యాంకులను ఛేదించే క్షిపణిని తయారుచేయడానికి అక్కడివారు పూనుకున్నారు. దగ్గర కూర్చుని నేర్పేవారు లేరు. దూసుకుపోయే క్షిపణిని వెనుకనుండి సన్నని తీగ ద్వారా నడిపించాలి. ఏళ్ళతరబడి శ్రమించారు. అయినా సైన్యం ఫ్రెంచి క్షిపణినే ఎంచుకుంది. దాని తయారీకి 1970లో భారత్ డైనమిక్స్ సంస్థ ఏర్పడింది, అదీ హైదరాబాదులోనే! అప్పటికి భగవంతం సలహాదారు పదవిలో లేరు, 1969లోనే విరమించారు.

శ్రమ మాత్రం వృథా కాలేదు. అదే ప్రయోగశాల రూపొందించిన పృథ్వి క్షిపణి 1988లో శ్రీహరికోట నుండి నింగికెగసింది. మరుసటి సంవత్సరం భగవంతం కన్నుమూశారు.