మూసారాం దొర, ఆయన తోపుల కార్ఖానా



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధ పురుషుని జీవితం రాసి ఇవ్వమని కార్యవర్గం వారు నన్ను కోరినారు. నేను ముప్ఫై నాలుగేళ్ళు సర్కారు కొలువులో నోటు ఫైళ్ళు రాసిన గుమాస్తాను గాని చరిత్రకారుణ్ణి కాను. దేశ నాయకులను గురించి రాయడానికి మన సంఘంలో నాకంటె సమర్థులున్నారు. అందుచేత మన షహరులో అందరికీ పేరు తెలిసి, ఆ పేరు ఎవరిదో మాత్రం కొద్దిమందికే తెలిసిన ఒక మనిషిని ఎంచుకున్నాను. మూసారాంబాగ్‌కు పేరిచ్చిన ముసే రేమండ్.

నాచారంలో మా ఇంటి వెనుక గల్లీలో మొన్నమొన్నటి దాకా ఒక చిన్న పోత కార్ఖానా ఉండేది. ఇనుము కరిగించి పంపుల బాడీలు, మ్యాన్‌హోలు మూతలు పోసేవారు. రాత్రి కొలిమి వెలిగించిన రోజున మా వంటింటి కిటికీ ఎర్రబడేది. ఆ స్థలంలో ఇప్పుడు అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఉన్నది. అక్కడ ముప్ఫై ఏళ్ళు మౌల్డరుగా పనిచేసిన మిస్త్రీ గారు రోజూ సాయంత్రం పార్కులో నా పక్కనే కూర్చుంటారు. ఇసుక అచ్చును వారు సాంచా అంటారు. ఒకనాడు మాటల్లో, గన్‌ఫౌండ్రీకి పాత పేరు తోప్ కా సాంచా అని చెప్పినాను. తోపు అంటే ఫిరంగి. ఆయన నమ్మలేదు. గన్‌ఫౌండ్రీ అంటే బ్యాంకు ఆఫీసులుండే పేట గదా, అక్కడ సాంచా ఏమిటని అడిగినారు. ఆయన తప్పు లేదు. మనలో చాలామందికి ఆ పేరు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు కేంద్ర కార్యాలయం వల్లనే తెలుసు. 2017లో ఆ బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది, పేట పేరు మాత్రం మిగిలింది.

ఒక ఆదివారం ఇద్దరం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగి ఫతే మైదాన్ వైపు నడిచినాము. దుకాణాల వెనుక, అడిగితే గాని కనపడని చోట, పాతకాలపు ఎత్తయిన గోడలు నిలబడి ఉన్నవి. రెండు వందల ఏళ్ళు దాటిన నిర్మాణం. కొంత కూలిపోయింది, కొంత ఉన్నది. మిస్త్రీ గారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గోడ చుట్టూ తిరుగుతూ కొలిమి ఎటు ఉండి ఉంటుంది, కరిగిన లోహం ఎటు పారి ఉంటుంది అని తనలో తాను లెక్క వేసుకున్నారు. నేను సైన్‌బోర్డు కోసం వెతుకుతుంటే ఆయన పొగగొట్టం కోసం వెతికినారు.

ఆ కాలంలో ఫిరంగి పోత ఎట్లా జరిగేదో మిస్త్రీ గారికి నేను చదివినంత చెప్పినాను, మీకూ చెబుతాను. కొయ్య దూలానికి తాడు చుట్టి, దానిపైన బంకమట్టి మెత్తి, ముందుగా మట్టితో ఫిరంగి ఆకారం చేసేవారు. దానిమీద మళ్ళీ మట్టి పొరలు వేసి ఆరబెట్టి, ఇనుప పట్టాలతో బిగించి, లోపలి ఆకారాన్ని ఊడదీసేవారు. మిగిలిన బోలు అచ్చే సాంచా. దాన్ని గోతిలో నిలువుగా నిలబెట్టి కరిగిన లోహం పోసేవారు. చల్లారిన తరువాత అచ్చు పగలగొట్టవలసిందే, అంటే ఒక్కొక్క ఫిరంగికి ఒక్కొక్క అచ్చు. మొదట్లో మధ్యలో బొంద పెట్టి పోసేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపాలో గట్టి దిమ్మెగా పోసి తరువాత తొలిచే పద్ధతి వచ్చింది. గుండు సూటిగా పోవాలంటే ఆ రంధ్రం వంకర లేకుండా ఉండాలి. అందులోనే పనితనమంతా ఉన్నదని మిస్త్రీ గారు అన్నారు.

ఇక ఆ కార్ఖానా పెట్టించిన మనిషి సంగతి. మిషెల్ జోకిం మేరీ రేమండ్ 1755లో ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలో, గాస్కనీ ప్రాంతంలో ఒక వర్తకుని ఇంట పుట్టినాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1775లో, తమ్మునితో కలిసి సరుకులు తీసుకుని పుదుచ్చేరి వచ్చినాడు. వచ్చింది దుకాణం పెట్టుకోవడానికి, అయినదేమో సిపాయి. మొదట మైసూరులో హైదర్ అలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో పనిచేసినాడు. తరువాత 1783లో బుస్సీ మళ్ళీ ఇండియాకు వచ్చినప్పుడు ఆయన దగ్గర చేరినాడు. బుస్సీ అంటే మనవాళ్ళకు వేరే పరిచయం అక్కరలేదు, 1757 నాటి బొబ్బిలి యుద్ధపు బుస్సీ దొరే. 1785 జనవరిలో బుస్సీ పుదుచ్చేరిలో చనిపోయినాడు. యజమాని పోయిన రేమండ్ ఉత్తరంగా బయలుదేరి హైదరాబాదు చేరి, రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో ప్రవేశించినాడు.

ఇక్కడ గుమాస్తాలమైన మనం గమనించవలసిన పద్దు ఒకటున్నది. రేమండ్ దళం మొదలైనప్పుడు అందులో మూడు వందల మంది. వాళ్ళ తుపాకులు సొంతం కావు. ఒక ఫ్రెంచి వర్తకుని దగ్గర, తుపాకి ఒక్కింటికి నెలకు ఎనిమిదణాల చొప్పున కిరాయికి తెచ్చినవి. మూడు వందల తుపాకులకు నెలకు నూట యాభై రూపాయలు, ఏడాదికి పద్దెనిమిది వందలు. ఈ లెక్క చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, తరువాత ఆలోచన వచ్చింది. కిరాయి తుపాకితో యుద్ధానికి పోయే దొర ముందుగా దేన్ని గురించి ఆలోచిస్తాడు? సొంత ఆయుధం గురించే. 1786లో తోపుల కార్ఖానా పెట్టినారని చెబుతారు. పన్నెండేళ్ళు తిరిగేసరికి దళంలో సుమారు పద్నాలుగు వేల మంది ఉన్నారు. తోపులు, గుండ్లు, తుపాకులు షహరులోనే తయారైనవి.

ఇనుము విద్య మన నేలకు కొత్తది కాదు. నిజామాబాదు వైపు కోనసముద్రం ఊళ్ళో కమ్మరులు మూసలలో కరిగించి చేసిన ఉక్కును కొనుక్కోవడానికి పారశీకపు వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారు. సర్వే శాఖలో పనిచేసిన హెన్రీ వాయిసీ అనే డాక్టరు ఆ పనిని కళ్ళారా చూసి రాసిపెట్టినాడు. కత్తికి కావలసిన ఉక్కు మనకున్నది. కొరవడినది పెద్ద ఎత్తున, ఒకే కొలతతో పోతపోసే ఏర్పాటు. రేమండ్ తెచ్చింది దాన్ని.

ఆయన పేరు షహరంతా మోగింది 1795 తరువాత. ఆ ఏడు మార్చి నెలలో ఖర్డా దగ్గర నిజాముకు, మరాఠాలకు యుద్ధం జరిగింది. అవతలి పక్షాన కూడా సింధియా కొలువులోని పెరాన్ అనే ఫ్రెంచి దొరే పటాలాలు నడిపినాడు. రేమండ్ దళం గట్టిగా నిలబడింది. కాని నిజాం గారు రాత్రివేళ జనానాతో సహా ఖర్డా కోటలోకి తగ్గిపోయినారు, రేమండ్‌నూ వెనక్కి రమ్మన్నారు. ఫలితం ఓటమి. కోట్ల రూపాయల కప్పం, దౌలతాబాదు వైపు ముల్కు, పైగా దీవాను అరస్తూ జా పుణెకు బందీగా పోవడం. సహాయానికి రాని ఇంగ్లీషు కంపెనీ మీద నిజాముకు కోపం వచ్చి వాళ్ళ పటాలాలను పంపించివేసినారు. అదే సంవత్సరం సొంత కుమారుడు ఆలీ జా తిరుగుబాటు చేసినాడు. వెంటపడి పట్టుకున్నది రేమండే. దారిలో ఆ రాకుమారుడు విషం తాగి ప్రాణం తీసుకున్నాడు. ఈ పని రేమండ్ మనసుకు ఎట్లా తోచిందో గ్రంథాలు చెప్పవు. తండ్రి ఆజ్ఞ మీద కొడుకును పట్టి తేవడం ఏ నౌకరుకూ సుఖమైన డ్యూటీ కాదు.

అజ్దర్ ఉద్దౌలా అనే బిరుదు వచ్చింది. అజ్దర్ అంటే మహాసర్పం. తోపుల దొరకు తగిన పేరే. కాని ప్రజల నోట్లో నిలిచినవి బిరుదులు కావు. ముసల్మానులకు ఆయన మూసా రహీం, హిందువులకు మూసా రాం. ఫ్రెంచివారి ముసే, రేమండ్ అనే మాటలు రెండూ మన నాలుక మీద అట్లా కుదురుకున్నవి. సిపాయిలను దయగా చూస్తాడని, అడిగినవారికి ఇస్తాడని పేరు. ఫ్రాన్సులో విప్లవం వచ్చిన తరువాత ఆయన దళం మూడు రంగుల జెండా పట్టింది. నిజాం నగరంలో రాజులను దించిన దేశపు జెండా ఎగరడం విచిత్రమే. దాన్ని చూసి నిజాముకంటె ఇంగ్లీషువారే ఎక్కువ భయపడినారు.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయినాడు. వయసు నలభై రెండు. విషప్రయోగమని కొందరు అనుకున్నారు గాని రుజువు లేదు. మలక్‌పేట అవతల ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి చేసినారు.

తరువాత జరిగింది పింఛనుదారులు శ్రద్ధగా చదవవలసిన భాగం. ఆయన స్థానంలో పిరాన్ అనే మరొక ఫ్రెంచి దొర వచ్చినాడు. రెండు నెలలు కాకముందే కలకత్తాలో వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గా దిగినాడు. సెప్టెంబరు 1న కంపెనీతో కొత్త సంధి కుదిరింది. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలన్నది అందులో షరతు. అన్ని వేల మందిని, అన్ని తోపులను ఎవరు ఎదిరించగలరు? కాని ఎదిరించవలసిన పని పడలేదు. దళం రద్దవుతున్నదని తెలియగానే, బకాయి పడిన తన్ఖాలు ఇక రావని భయపడి సిపాయిలే తిరగబడి తమ అధికారులను నిర్బంధించినారు. మాట్లాడడానికి పోయిన రెసిడెంటు సహాయకుడు జాన్ మాల్కంను కూడా గుంపు చుట్టుముట్టింది. పూర్వం అతని పటాలంలో పనిచేసిన సిపాయిలు గుర్తుపట్టి, తలల మీద ఎత్తుకుని బయటికి చేర్చినారు. తన్ఖా ఇప్పిస్తామన్న హామీ మీద అక్టోబరు 22న మొత్తం దళం ఆయుధాలు కింద పెట్టింది. రేమండ్ పోయి అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ తరువాత కట్టించిన భవనంలోనే మన కోఠి విమెన్స్ కాలేజీ నడిచింది.

పన్నెండేళ్ళు శ్రమపడి పోసిన తోపులు జీతం బకాయి ముందు మౌనంగా కూర్చున్నవి. నా సొంత పింఛను కాగితాలు పదకొండు నెలలు ఒక బల్ల మీద కదలకుండా ఉన్నవి. ఏ ఆఫీసు బల్ల అని అడగకండి. అందుకేనేమో ఆ సిపాయిల మీద నాకు కోపం రాలేదు. రేమండ్ బతికి ఉంటే వాళ్ళు అట్లా చేసేవారా అని మాత్రం అనిపించింది. మిస్త్రీ గారికి ఈ కథ చెబితే, ఆయన తమ కార్ఖానా మూసిన రోజు సంగతి ఎత్తినారు. వాళ్ళకు కూడా మూడు నెలల జీతం రావలసి ఉండెనట. ఇప్పటికీ రాలేదు.

గన్‌ఫౌండ్రీ చూసి మళ్ళీ మెట్రో ఎక్కి అదే లైనులో మూసారాంబాగ్ స్టేషనులో దిగినాము. రైలులో ఆ పేరు ప్రకటించినప్పుడు మిస్త్రీ గారు నా వంక చూసి నవ్వినారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట ఎక్కడానికి నాకు కొంత ఆయాసమైంది. నల్లరాతి స్తంభం ఇరవై అడుగులకు మించిన ఎత్తు, పైకి పోను పోను సన్నగా ఉంటుంది. దాని మీద జె, ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు. సిలువ గాని, మరే మత చిహ్నం గాని నా కంటికి కనిపించలేదు. పక్కన స్తంభాల మంటపం ఉన్నది. 2001 అక్టోబరు వానలకు అది కూలిపోతే తరువాత తిరిగి కట్టినారు. అంటే కూలినదాన్ని నిలబెట్టడం మనవాళ్ళకు చేతకానిదేమీ కాదు. ఒకప్పుడు ఏటేటా ఆయన వర్ధంతికి ఉర్సు జరిగేదని, ఊదుబత్తీలు వెలిగించేవారని చెబుతారు.

బ్రిటన్‌లో, వేల్స్ ప్రాంతపు బ్లేనావన్ అనే చోట 1789లో మొదలైన ఇనుప కార్ఖానా ఉన్నది. మన తోప్ కా సాంచా కంటె మూడేళ్ళు చిన్నది. దాని కొలుములను బాగుచేసి నిలబెట్టినారు, 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, జనం టూరు బస్సుల్లో వచ్చి చూస్తారు. మన దగ్గర గోడకు ఆనుకుని స్కూటర్లు నిలబెడతారు. పోల్చవద్దని ఎంత అనుకున్నా పోలిక వస్తూనే ఉన్నది.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్ళీ పోదామని మిస్త్రీ గారు, నేను అనుకున్నాము. ఈసారి గోడల కొలతలు తీసుకుంటామని ఆయన టేపు కూడా కొన్నారు. రాదలచిన సభ్యులు ఉదయం ఏడున్నరకు ఉప్పల్ మెట్రో స్టేషను మెట్ల కింద కలుసుకోవచ్చు. మనవలను, మనవరాళ్ళను వెంట తెచ్చుకోండి. గుట్ట దగ్గర మంచినీళ్ళు దొరకవు, సీసా తెచ్చుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు గన్‌ఫౌండ్రీ వరకు చూసి వెనక్కి రావచ్చు.