తెలుగు సువార్తకు కలము పట్టిన ఆనందరాయరు

వాక్యభాగములు: మార్కు 7:1–13, అపొ. కార్యములు 17:10–12

పై రెండు భాగములను ముందు చదువుకొని, తరువాత ఈ చరిత్రలోనికి రండి.

టిప్పు సుల్తాను సేనలో ఒక పటాలమునకు లెక్కలు వ్రాయు తెలుగు బ్రాహ్మణుడుండెను. ఆయన పేరు సుబ్బరాయరు. కుటుంబము మన సీమలోని నొస్సములో నుండెను. నిత్యానందము దొరకు మార్గమేదని ఆయన ఆరాటపడుచుండగా, ఒక పెద్ద, ఒక మంత్రమును నాలుగు లక్షల మార్లు జపింపుమనెను. ఆయన గుడిలో కూర్చుండి, చెప్పినదానికంటె ఎక్కువగానే జపించెను. లెక్కల మనిషి గదా, తక్కువ పడనిచ్చునా! ఆరు నెలలు గడచినను మనశ్శాంతి కలుగలేదు.

ఇంటికి మరలు దారిలో ఒక రోమను కతోలిక విశ్వాసి తటస్థపడి, క్రీస్తు మతమును గూర్చిన రెండు తెలుగు పుస్తకములిచ్చెను. ఈ మేలును మనము దాచరాదు. ఫ్రెంచి జెసూటు పాదిరులు 1700ల తొలి భాగముననే మా అనంతపురము సీమకు వచ్చి, మదిగుబ్బ మొదలగు ఊళ్లలో బోధించిరి. వారి బోధ ఫలమే అక్కడక్కడ నిలిచియుండెను.

సుబ్బరాయరు ఒక పాదిరియొద్దకు పోగా, ఆయన తొందరపడక, ముందు ఇంటికి పొమ్మనెను. బంధువులు భయపడి, డబ్బిచ్చెదము, ఆస్తి పెత్తనమంతయు నీదేయనిరి. ఆయన లొంగలేదు. భార్య కూడ రానందున ఒంటరిగనే మరలివచ్చి, జంధ్యమును జుట్టును విడుచుటకు సిద్ధపడెను. అప్పుడు పాదిరి బాప్తిస్మమిచ్చి ఆనందరాయరని పేరు పెట్టెను. తరువాత పుదుచ్చేరికి పంపబడగా, బంధువులలో ఎన్నో అగచాట్లు పడిన భార్య అక్కడ ఆయనను కలిసికొనెను.

అయితే గుడులలోని ప్రతిమలు ఆయనకు మొదటినుండి సరిపడలేదు. వాటిని గూర్చి పాదిరులతో వాదించెను. వాదించినవాడు అప్పటికి బైబిలును కంటితో చూచియుండలేదు! 1546లో ట్రెంటు సభ, వ్రాయబడిన లేఖనములను, వ్రాయబడక సంఘములో వచ్చిన పారంపర్యమును సమాన భక్తితో అంగీకరింపవలెనని తీర్మానించెను. అపొస్తలులు నోటితోను బోధించిరనుట నిజమే. 2 థెస్సలొనీక 2:15 చూడుడు. కాని నేడు ఒకరు చెప్పునది అపొస్తలుల మాటయో, మధ్యలో కలిసినదో, దేనితో సరిచూతుము?

ఇది రోమువారి చిక్కు మాత్రమే కాదు. మా సంఘములో ఒక వృద్ధుడు, తొలివాన తరువాత విత్తనపు వేరుశనగలను గుడిలో పెట్టి ప్రార్థింపనిదే విత్తరాదని బైబిలులోనున్నదని గట్టిగా చెప్పుచుండెను. ఎక్కడనని అడిగితిని. మా ఉపదేశయ్య చెప్పినాడు సామీ, అనెను. ఆచారము మంచిదే, నేనును చేయుదును. కాని అట్లు చేయనివాని చేను ఎండినప్పుడు, అది వాని పాపమని ఊరంతయు అన్నది. అక్కడ నేను ఊరకుండలేకపోతిని.

ప్రతిమలు లేని గుడులు, తర్జుమా అయిన బైబిలు తరంగంబాడిలో నున్నవని విని, ఆనందరాయరు అక్కడికి పోయెను. అక్కడి లూథరను దొరలు మొదట అనుమానించి, నెలల తరబడి మాటలాడిన పిమ్మటనే ప్రభువు బల్లకు చేర్చుకొనిరి. అక్కడ మొదటిసారి బైబిలు ఆయన చేతికి వచ్చెను, అదియు అరవములో. షుల్జ్ దొర 1732 నాటికే బైబిలును తెలుగు చేసియుండెను గాని అది అచ్చుకాక చేతివ్రాతగనే మిగిలెను. ఆనందరాయరు చదువుటతో ఆగక అరవమునుండి తెలుగులోనికి వ్రాయనారంభించెను. మదరాసులోను తంజావూరులోను ఉద్యోగములు చూపుదుమన్నను ఒప్పుకొనక, సంఘపు పనియే కావలెననెను.

1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషను దొరలు క్రాను, డెస్‌గ్రాంజెస్‌లను గూర్చి విని వారియొద్దకు పోయి, డెస్‌గ్రాంజెస్‌తో కూడ సువార్తలను తెలుగు చేసెను. క్రాను 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. పెద్దల పారంపర్యాచారమును గూర్చి ప్రభువు పరిసయ్యులను నిలదీసిన మార్కు ఏడవ అధ్యాయము, ఆ పుస్తకముతోనే తెలుగు చదువరి చేతికి అచ్చులో వచ్చెను.