అహోబిలేశుని కొలువు నిలిపిన శ్రీరంగరాయలు

నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలమునకు పోవు యాత్రికులు దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని సేవించి, పిదప ఎగువ సన్నిధికి సాగుదురు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ జైత్రయాత్ర నడుమ వచ్చి కంఠహారమును, పతకమును సమర్పించిన స్థల మిది. అట్టి దివ్యదేశము ఒకప్పుడు ఐదాఱేండ్లపాటు పరుల వశమై యుండెననియు, దానిని మరల నిలిపిన ప్రభువు శ్రీరంగదేవరాయలనియు ఎఱిగినవారు తక్కువ.

శ్రీరంగరాయలు ఆరవీటి వంశ్యుడు, తిరుమలదేవరాయల కుమారుడు. 1565లో తళ్లికోట యుద్ధమున పెదతండ్రియగు అళియ రామరాయలు నిహతుడు కాగా, తిరుమలరాయలు విజయనగరమును విడిచి పెనుగొండను రాజధానిగా జేసికొనెను. 1572లో శ్రీరంగరాయలకు సంక్రమించినది రాజ్యమనుటకంటె భారమనుట యుక్తము. కోశము తరిగినది. సామంతులలో తనవా రెవరో, పరు లెవరో తెలియరాకుండెను.

ఆ కాలపు ద్రోహములలో మిక్కిలి చేదైనది గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాది. ఆయన యౌవనమున అన్న భయముచే పాఱివచ్చి, 1543 మొదలు ఏడేండ్లు విజయనగరమున రామరాయల ఆశ్రయమున నుండెను. పిదప తెలుగు కవుల నాదరించి మల్కిభరాముడని కీర్తి గాంచెను. ఆ గుణమును కాదనరాదు. కాని తళ్లికోటలో ఆశ్రయదాతపై కత్తి దూసిన సుల్తానులలో ఆయనయు నొకడు.

1576లో బిజాపురపు ఆలీ ఆదిల్‌షా పెనుగొండను ముట్టడించెను. రాయలు కోటను చెన్నప్పనాయకుని చేతులలో నుంచి, ధనరాశితో చంద్రగిరికి తరలెను. రాజు లేని కోటను శత్రువున కప్పగించి బహుమానములు పొందుట ఆ దినములలో వింత కాదు. చెన్నప్ప అట్లు చేయలేదు. మూడు నెలలు కోటను కాచెను. శత్రుసైన్యము విఫలమై మరలెను.

రెండేండ్లు గడచెనో లేదో, శాలివాహన శకము 1500, బహుధాన్య సంవత్సరమున ఇబ్రహీం సేనలు అహోబిలముపై బడెను. వారికి తోడ్పడినవారు హండె నాయకులు. ఒకప్పుడు విజయనగరపు సామంతులే. స్వామి సొత్తు దోపిడి యయ్యెను. 1580లో ఇబ్రహీం మరణించిన పిదపగూడ స్థలము విడుదల కాలేదు.

అప్పుడు అహోబిల మఠాధిపతులగు శ్రీవణ్ శఠకోప జీయరుస్వామివారు రాయల కడకేగి స్వామి దుఃస్థితిని విన్నవించిరి. రాయలు ఆ కార్యమును కొండరాజు వేంకటరాజు, తిరుమలరాజులకు అప్పగించెను. వారు హండెవారిని, గోలకొండ సేనలను పాఱద్రోలి సన్నిధిని మరల మఠమువారి పాలనకు దెచ్చిరి.

ప్రహ్లాదునికై క్షణములో కంబము చీల్చుకొని వచ్చిన స్వామి, తన కొలువుకూటమునకై ఇన్నేండ్లు ఏల వేచియుండెనని కొందఱు శంకింతురు. ప్రహ్లాదునకు ఆ సభలో తనవాడన దగినవా డొక్కడును లేడు, కన్నతండ్రియే పగవాడు. రాయల స్థితి అట్లు గాదు. ఆశ్రయము పొందినవాడు ఎదురు తిరిగెను, సామంతులు విడిచిపోయిరి. ఐనను పెనుగొండలో చెన్నప్పయు, అహోబిలమునకై కొండరాజు వేంకటరాజును మిగిలిరి. వారిని మిగిల్చినవాడు స్వామియే. ఇట్టి ఆప్తులు చేతికంది యుండగా కంబము మరల చీలవలసిన పనిలేదు. రాయలు చేసిన దెల్ల, ఇన్ని ద్రోహములు చూచియు, నమ్మదగినవారిని నమ్ముట మానకుండుటయే. అది సామాన్యమైన పని కాదు.

1586లో శ్రీరంగరాయలు సంతానము లేకయే పరమపదించెను. తమ్ముడు వేంకటపతిదేవరాయలు సింహాసన మెక్కెను. అహోబిలపు విడుదలను చెప్పు శాసనము 1584 నాటి తారణ సంవత్సరమున వేయబడినది. అందు విజయమంతయు ప్రభువున కంటగట్టి యూరకుండలేదు. మొఱపెట్టిన జీయరుస్వామివారి పేరును, కత్తి పట్టిన కొండరాజు వేంకటరాజు పేరును రాయల పేరుతోపాటు ఆ రాతిపై చెక్కించిరి.